హిమాలయాలెక్కేవారికి మొహమాటం పనికిరాదు

హిమాలయాల్లో నడకకు డబ్బు కట్టి పేరు నమోదు చేయించుకోగానే మనవాళ్లు చేసే మొదటి పని బజారుకెళ్లి బూట్లు కొనడం. ఆ తరువాత ఉన్ని చొక్కాలు, మంకీ టోపీలు, జీడిపప్పు పొట్లాలు, కందిపొడి. ఇవన్నీ కావలసినవే. కాని అక్కడ ఆరోగ్యవంతుణ్ణి సైతం ఒక్క రాత్రిలో పడుకోబెట్టే శత్రువు గాలిలోనే ఉంది. దానికి విరుగుడు ఏ దుకాణంలోనూ దొరకదు. తగినన్ని రోజులు చేతిలో ఉండటం, ఒంట్లో బాగాలేనప్పుడు ఆ మాట పైకి చెప్పడం - ఈ రెండే దానికి మందు.

మన ప్రాంతాల నుంచి కూడా చాలామంది వెళుతున్న నేపాల్‌లోని ఎవరెస్టు బేస్ క్యాంపు దారినే ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి చూద్దాం. ఇక్కడ చెప్పేవి ఎత్తయిన ఏ కొండదారికైనా వర్తిస్తాయి.

పైకి పోయేకొద్దీ ఏం జరుగుతుంది?

కొండ మీది గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. విజయవాడలోనైనా, ఎవరెస్టు మీదనైనా గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లే. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల ఎత్తున, అంటే సుమారు 18,000 అడుగుల దగ్గర, ఆ ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగమే. బేస్ క్యాంపు ఎత్తు 5,364 మీటర్లు. అక్కడ మీరు పీల్చే ప్రతి ఊపిరిలోనూ మీకు అందే ఆక్సిజన్ ఇంటి దగ్గర అందేదానిలో ఇంచుమించు సగం.

ఈ లోటు పూడ్చుకోవడం శరీరానికి తెలుసు. ఊపిరి వేగం పెంచుతుంది. గుండె కొట్టుకునే వేగం పెంచుతుంది. మూత్రపిండాలు ఎక్కువ మూత్రాన్ని విసర్జించి రక్తంలోని క్షారగుణాన్ని సరిచేస్తాయి. కొన్ని వారాలకు ఎర్ర రక్తకణాలు కూడా పెరుగుతాయి. కాని ఈ సర్దుబాటు గంటల్లో అయ్యేది కాదు. శరీరం సర్దుకునేలోగా మనం ఇంకా పైకి పోతే ఎత్తు జబ్బు మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్ అంటారు.

ఇంటి దగ్గర ఈ అలవాటు చేసుకుందామంటే కుదరదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎంత ఎత్తయిన కొండయినా 1,700 మీటర్లు దాటదు. ఈ జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాతనే కనిపిస్తుంది.

విమానం మిగిల్చిన సమయం, తెచ్చిన ముప్పు

1953లో టెన్సింగ్, హిల్లరీలు ఎవరెస్టు ఎక్కినప్పుడు వారి బృందం కాఠ్మండు లోయ నుంచి రెండు వారాలకు పైగా నడిచి కొండ పాదాన్ని చేరుకుంది. ఎక్కుతూ దిగుతూ సాగిన ఆ నడకలోనే శరీరాలు చాలావరకు ఎత్తుకు అలవాటుపడ్డాయి. 1964లో లుక్లా వద్ద విమానాశ్రయం వెలిసింది. ఇప్పుడు అరగంట ప్రయాణంలో 2,850 మీటర్ల ఎత్తున దిగుతాం. కాళ్లకు శ్రమ తప్పింది కాని శరీరానికి దొరికే వ్యవధి పోయింది.

ఈ దారిలో జబ్బుపడేవారిని ఆదుకోవడానికి 1973లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ అనే సంస్థ ఏర్పడింది. ఫెరిచే అనే ఊళ్లో వారి వైద్య కేంద్రం ఉంది. ఆ ఊరు చేరుకున్న 278 మంది పాదచారులను పరీక్షించిన వైద్యులు తమ ఫలితాలను 1976లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. వారిలో నూటికి 53 మందికి ఎత్తు జబ్బు లక్షణాలు కనిపించాయి. విమానంలో వచ్చి దిగినవారిలో, తొందరగా ఎక్కినవారిలో, దారిలో తక్కువ రాత్రులు గడిపినవారిలో జబ్బు ఎక్కువ. పెద్దవాళ్లలో కంటే వయసులో ఉన్నవారిలోనే ఎక్కువ. ఆడ, మగ తేడా కనిపించలేదు.

“నేను రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెడతాను, నాకేమవుతుంది?” అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కండబలం ఈ జబ్బును ఆపలేదు. మన సైనికులకంటే దృఢమైనవారు ఎవరుంటారు? 11,000 నుంచి 18,000 అడుగుల ఎత్తులో జబ్బుపడిన 1,925 మంది సైనికుల వివరాలను మన సైనిక వైద్యులు 1969లో ప్రకటించారు. ఇంకో చిక్కు కూడా ఉంది. బలంగా ఉన్నవాడు అందరికంటే ముందు నడుస్తాడు. తొందరగా పైకి చేరతాడు. అందరికంటే ముందు పడేదీ అతడే కావచ్చు.

రోజుల లెక్క

3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకున్న చోటికంటే రేపు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండరాదు. ప్రతి మూడు నాలుగు రోజులకు ఒకసారి ఒకే చోట రెండు రాత్రులు గడపాలి. లెక్క ఎప్పుడూ పడుకునే చోటికే. పగలు ఇంకొంత ఎత్తుకు వెళ్లి, సాయంత్రానికి దిగివచ్చి పడుకుంటే మంచిదే.

ఎవరెస్టు దారిలో నామ్చే బజారు 3,440 మీటర్లు. ఇక్కడ రెండు రాత్రులు ఉండి తీరాలి. తరువాత తెంగ్‌బోచే 3,860. దింగ్‌బోచే 4,410. ఇక్కడా రెండు రాత్రులు. ఆ పైన లోబుచే 4,900 దాటుతుంది. చివరి మజిలీ గోరక్‌షెప్ 5,160 పైచిలుకు. ఈ లెక్కన పైకి ఎనిమిది రోజులు, దిగడానికి మూడు నాలుగు రోజులు. లుక్లాలో మబ్బు పట్టి విమానాలు ఆగిపోవడం మామూలు. అందుకని మరి రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. “తొమ్మిది రోజుల్లో తిప్పి తీసుకొస్తాం, ఖర్చు తక్కువ” అని ఎవరైనా అంటే, తగ్గించింది మీ శరీరానికి కావలసిన రోజులనే అని గ్రహించండి.

నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్నప్పుడు ఆ అమ్మాయికి ఇంకా 14 ఏళ్లు నిండలేదు. ఆ యాత్రకు పట్టినవి 52 రోజులు. అంతకుముందు భువనగిరి కొండ మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ. అంత చురుకైన పిల్లకే అన్ని రోజులు కావలసి వచ్చాయి.

మూడు నెలల ముందు నుంచి

కండబలం జబ్బును ఆపదన్నాం గదా అని సాధన మానరాదు. రోజుకు ఐదారు గంటలు నడవాలి. అలసిపోయినవాడు సరిగా తినడు, తాగడు, అడుగు తప్పుతాడు. మూడు నెలల ముందు నుంచి వారానికి ఐదు రోజులు గంటసేపు చురుకుగా నడవండి. లిఫ్టు మానేసి మెట్లెక్కండి. నెల గడిచాక ఐదారు కిలోల సంచి వీపున వేసుకుని ఎక్కండి. అలిపిరి నుంచి తిరుమలకు ఉన్న సుమారు 3,550 మెట్లు మంచి పరీక్ష. అయితే ఎక్కి బస్సులో దిగితే సగం సాధనే అయినట్లు. మోకాళ్లు నొప్పి పుట్టేది దిగేటప్పుడే. మెల్లగా మెట్లు దిగడం కూడా అలవాటు చేసుకోండి. కొత్త బూట్లు ఈ నడకల్లోనే వాడి పాతబడనివ్వండి. కొత్త బూట్లతో కొండెక్కితే రెండో రోజుకే మడమలు బొబ్బలెక్కుతాయి.

నలభై దాటినవారు రక్తపోటు, చక్కెర, హిమోగ్లోబిన్, ఇ.సి.జి. పరీక్షలు చేయించుకోవాలి. గుండె జబ్బు, ఆయాసం, మూర్ఛ ఉన్నవారు డాక్టరు ఒప్పుకున్నాకనే డబ్బు కట్టాలి. గర్భిణులు ఈ ప్రయాణం పెట్టుకోరాదు. సికిల్‌సెల్ లక్షణం మన ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాల్లో కనిపిస్తుంది. అది ఉన్నవారికి ఎత్తులో ప్రమాదం రావచ్చు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఉంటే ముందే రక్తపరీక్ష చేయించుకోండి. చక్కెర వ్యాధి ఉన్నవారు ఇన్సులిన్ గడ్డకట్టకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. రోజూ వేసుకునే మాత్రలు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకోండి. ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది.

మాత్రలు, కర్పూరం, వెల్లుల్లి

ఎసిటజొలమైడ్ అనే మందు శరీరం త్వరగా సర్దుకోవడానికి సాయపడుతుంది. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఈ మందుతో వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి. మూత్రం ఎక్కువ అవుతుంది. ఇవి చూసి భయపడనక్కరలేదు. డాక్టరు సలహా మీద ఇంటి దగ్గరే ఒకటి రెండు మాత్రలు వేసుకుని పడుతుందో లేదో చూసుకోవడం మంచిది. అయితే మాత్ర వేసుకున్నాం గదా అని రెండు రోజుల దూరం ఒక రోజులో ఎక్కరాదు.

కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని యాత్రికులు నమ్ముతారు. ముక్కు తేటపడినట్లు అనిపిస్తుందే గాని, రక్తంలో ఆక్సిజన్ ఏమీ పెరగదు. పొరపాటున మింగితే అది విషం. దారి పొడుగునా హోటళ్లలో వెల్లుల్లి సూపు ఇస్తారు. వేడిగా ఉంటుంది, తాగండి. మందనుకోకండి. సారా, సిగరెట్టు, నిద్రమాత్రలు పనికిరావు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు తీసుకెళ్లవచ్చు. కాని 5,000 మీటర్ల దగ్గర బాగా ఉన్నవారికి కూడా అంకె 80 ప్రాంతంలో చూపుతుంది. అంకెను చూసి హడలిపోవద్దు. అంకె బాగుందని తలనొప్పిని పక్కన పెట్టనూ వద్దు.

ఆకలి మందగించినా వేళకు తినాలి. అక్కడ దొరికే దాల్‌భాత్ మన పప్పన్నమే. రోజుకు మూడు లీటర్ల దాకా నీళ్లు, టీ, సూపు తాగాలి. నీళ్లు మరగనిచ్చినవే అయి ఉండాలి.

తలనొప్పి వచ్చిందంటే

ఇక అసలు విషయం. ఎత్తు మీద తలనొప్పి, దానితో వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం, వీటిలో ఏది కలిసినా ఎత్తు జబ్బుగానే భావించాలి. “పైత్యం చేసింది”, “ఎండ కొట్టింది”, “రెండు రోజులుగా కాఫీ లేదు, అందుకే తలనొప్పి” - ఇలా సర్దిచెప్పుకుని పైకి నడిచినవారే ప్రమాదంలో పడతారు. వేరే కారణమని తేలేదాకా ఎత్తునే అనుమానించాలి.

లక్షణాలు మొదలైతే ఆ రోజు అక్కడే ఆగిపోవాలి. తలనొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. పూర్తిగా తగ్గితే మర్నాడు బయలుదేరవచ్చు. తగ్గకపోయినా, పెరిగినా కిందికి దిగాలి.

రెండు ప్రమాద సూచనలు అందరికీ కంఠతా రావాలి. మొదటిది మెదడు వాపు. మనిషి తూలుతాడు, తికమకగా మాట్లాడతాడు, పిలిస్తే పట్టించుకోడు. అనుమానం వస్తే నేల మీద గీత గీసి, ఒక పాదం మడమకు రెండో పాదం బొటనవేలు ఆనిస్తూ నడవమనండి. తూలితే ఇంక ఆలోచించనక్కరలేదు. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కూర్చున్నా ఆయాసం తగ్గదు. పడుకోలేడు. దగ్గు వస్తుంది. ముదిరితే గులాబీరంగు నురగ పడుతుంది.

ఈ రెండింటిలో ఏది కనిపించినా వెంటనే, అర్ధరాత్రయినా సరే, కిందికి దింపాలి. ఆక్సిజన్ ఉంటే పెట్టాలి, మందులుంటే ఇవ్వాలి. కాని వాటి కోసం దిగడం ఆపరాదు. హెలికాప్టరు మబ్బులోనూ చీకట్లోనూ ఎగరదు. తెల్లవారేదాకా చూద్దామనుకుంటే ప్రాణానికే ముప్పు రావచ్చు. 500 మీటర్లు దిగితేనే చాలాసార్లు మనిషి తేరుకుంటాడు. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి ఎన్నడూ ఒంటరిగా పంపరాదు.

ఇవన్నీ తెలిసినవారు కూడా ఎందుకు నోరు విప్పరు? మొహమాటం. “నా ఒక్కడి వల్ల పదిమంది ప్రయాణం చెడుతుందేమో”, “ఇంత డబ్బు పోశాం”, “ఊళ్లో అందరికీ చెప్పి వచ్చాం.” గైడు “బాగున్నారా?” అని అడిగితే నవ్వి తల ఊపుతారు. గైడు ఎంత అనుభవజ్ఞుడైనా మీ తలలోని నొప్పి అతనికి కనపడదు. పైగా అతడు తరతరాలుగా ఆ ఎత్తులో పుట్టి పెరిగినవాడు కావచ్చు. అతని ఊపిరితో మీ ఊపిరికి పోలిక లేదు. అందుకే బయలుదేరే ముందే బృందమంతా కూర్చుని ఒక ఒప్పందం చేసుకోండి. రోజూ రాత్రి భోజనం దగ్గర ఒక్కొక్కరూ తమ ఒంటి సంగతి ఉన్నదున్నట్లు చెప్పాలి. దిగవలసినవాణ్ణి ఎవరూ ఎగతాళి చేయరాదు. భార్యాభర్తలు, స్నేహితులు జంటలుగా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి.

డబ్బు కట్టే ముందు అడగండి

ఎన్ని చోట్ల రెండేసి రాత్రులు ఆగుతారు? ఒకరు జబ్బుపడితే తోడు దిగడానికి రెండో గైడు ఉన్నాడా? ఆక్సిజన్ సిలిండరు వెంట ఉంటుందా? బీమా ఎంత ఎత్తు దాకా వర్తిస్తుంది, హెలికాప్టరు ఖర్చు ఇస్తుందా? చాలా పాలసీల్లో ఎత్తుకు హద్దు ఉంటుంది. ఇంకొక్క ప్రశ్న: మన సామాను మోసే కూలీలకు చలి బట్టలు, బీమా ఉన్నాయా? దిగువ పల్లెల నుంచి వచ్చే కూలీలకూ ఈ జబ్బు మనలాగే వస్తుంది. రోజు కూలి పోతుందని వారు మనకంటే ఎక్కువగా దాచుకుంటారు. వారిని కూడా పలకరించి అడగండి.

వీటికి సూటిగా జవాబు చెప్పేవారితోనే వెళ్లండి. మధ్యదారిలో తిరిగి వచ్చినవారికి మళ్లీ వెళ్లే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కొండ ఎక్కడికీ పోదు.