ఫోన్లోనూ పొలంబడి
మందు పేరు అడగడం కాదు, పొలాన్ని చూపించడం నేర్చుకుందాం

"అన్నా, మిరపతోట ముడుచుకుపోతంది. ఏం కొట్టమంటావు?"

"ఏముంది తమ్ముడూ, మొన్న నేను కొట్టిన డబ్బా ఫొటో పెడుతున్నా. అదే కొట్టు. నాకు ఆగింది."

పొద్దున్నే రైతుల వాట్సాప్ గ్రూపు తెరిస్తే ఇలాంటి మాటలే కనిపిస్తాయి. తమ్ముడు ఆ ఫొటో దుకాణంలో చూపించి మందు తెచ్చుకుంటాడు. సాయంత్రానికి కొట్టేస్తాడు. అయితే అన్న తోటలో ఉన్న పురుగే తమ్ముడి తోటలోనూ ఉందా? ఆ సంగతి అన్న అడగలేదు, తమ్ముడు చెప్పలేదు.

మిరపలో ముడతలన్నీ ఒకటి కావు. తామర పురుగులు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. దాన్ని పైముడత అంటాం. తెల్లనల్లి పడితే ఆకులు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవల్లా కనిపిస్తాయి. అది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ తెగులు సోకినా ఆకులు ముడుచుకుని మొక్క గిడసబారుతుంది. మూడింటికీ మూడు దారులు. నల్లి ఉన్న తోటలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే నల్లి తగ్గకపోగా ఇంకా ఎక్కువవుతుంది. వైరస్ పట్టిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు. మందు ఖరీదు పోయింది, కొట్టిన కూలి పోయింది, అసలు పని చేయాల్సిన నాలుగు రోజులూ పోయాయి. అప్పు తెచ్చి ఎకరం, రెండెకరాలు కౌలుకు చేసేవాడికి ఇది చిన్న దెబ్బ కాదు.

2021 చివర్లో మిరప రైతులు చూసిన కష్టం ఎవరూ మరచిపోలేరు. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు తోటల్లో నల్ల తామర పురుగు పూతలో చేరింది. పూత రాలిపోయింది. ఈ పురుగును మన దేశంలో మొదటిసారి గుర్తించింది 2015లో, బెంగళూరు దగ్గర బొప్పాయి మీద. మిరప మీద ఇంత ఉధృతంగా రావడం మాత్రం అందరికీ కొత్త. ఎవరేం చెబితే అది కొట్టారు. రెండు మూడు మందులు కలిపి కొట్టినవాళ్లూ ఉన్నారు. చివరికి తోటలు దున్నేసినవాళ్లూ ఉన్నారు. కొత్త పురుగు వచ్చినప్పుడు ఒక్క రైతు అనుభవం చాలదు. నలుగురు నాలుగు తోటల్లో చూసింది ఒకచోట చేరాలి. చేతిలో ఉన్న ఫోను ఆ పనికి పనికొస్తుందా? వస్తుంది, వాడే పద్ధతిలో వాడితే.

పొలంబడి చెప్పిన పాఠం

ఆ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. పొలంబడిలో ఉన్నదే. 1989లో ఇండోనేషియాలో వరి రైతుల కోసం ఈ బడి మొదలైంది. పురుగుమందులు ఎక్కువై మిత్ర పురుగులు చచ్చి, సుడిదోమ పెట్రేగిన రోజులవి. తర్వాత మన రాష్ట్రానికీ వచ్చింది.

పొలంబడిలో పాతిక ముప్పై మంది రైతులు వారానికి ఒక రోజు పొద్దున్నే పొలంలో దిగుతారు. మొక్కలు చూస్తారు. శత్రు పురుగులెన్ని, మిత్ర పురుగులెన్ని లెక్క పెడతారు. నీరు, వాతావరణం, పైరు ఎదుగుదల రాసుకుంటారు. చెట్టుకింద కూర్చుని చార్టు మీద బొమ్మ గీసి, తాము చూసింది మిగతావాళ్లకు చెబుతారు. మందు కొట్టాలా వద్దా అనేది ఆ తర్వాతి మాట. బడి నడిపేవాడు "ఇది కొట్టు" అనడు. "నువ్వేం చూశావు?" అని అడుగుతాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. పొలంబడిలో ఆ తేడా ఉండదు. ప్రతివాడూ కాసేపు చెప్పేవాడే, కాసేపు వినేవాడే. ఫోను గ్రూపులో కావలసింది కూడా ఇదే.

మన దగ్గరే జరిగాయి

దూరాన ఉన్నవాళ్లు ఒకే పొలాన్ని కలిసి చూడడం మన జిల్లాల్లో ఇరవై ఏళ్ల కిందటే మొదలైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2004లో వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలో 'ఈ-సాగు' చేపట్టారు. ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగ్లాపూర్ గ్రామాల్లో వెయ్యికి పైగా పత్తి చేలు తీసుకున్నారు. ఊళ్లో తర్ఫీదు పొందిన మనిషి ప్రతి చేనుకూ వెళ్లి ఫొటోలు తీసేవాడు, వివరాలు రాసేవాడు. అప్పట్లో పల్లెల్లో ఇంటర్నెట్ సరిగా లేదు. ఫొటోలు సీడీల్లో పెట్టి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవారు. అక్కడి వ్యవసాయ నిపుణులు ఒక్కో చేను ఫొటోలు చూసి, ఆ చేనుకే సలహా రాసేవారు. రైతు అడిగేదాకా ఆగకపోవడం ఇందులో గొప్ప సంగతి. చేను చూసి ముందే చెప్పేవారు. ఆనాడు సీడీ మోసిన బరువును ఈనాడు మన ఫోను నిమిషంలో మోస్తుంది. కానీ చేనుకు వెళ్లి జాగ్రత్తగా ఫొటో తీసే మనిషి మాత్రం ఇప్పటికీ కావాలి.

రెండోది వీడియో. 2006లో బెంగళూరులో మొదలైన 'డిజిటల్ గ్రీన్' పని ఆంధ్రప్రదేశ్‌కూ వచ్చింది. ఇందులో సినిమావాళ్లు ఉండరు. ఆ చుట్టుపక్కల రైతే తన పొలంలో తన యాసలో చేసి చూపిస్తాడు. కొద్ది నిమిషాల వీడియో తీసి, చిన్న ప్రొజెక్టరుతో ఊళ్లో సంఘం ముందు వేస్తారు. వేసి వదిలేయరు. ఊరి మనిషి ఒకరు మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతారు, సందేహాలు రాసుకుంటారు, ఎవరు చేసి చూశారో తర్వాత కనుక్కుంటారు. వీడియో చూడగానే జనం అడిగే మొదటి ప్రశ్న "ఆయనది ఏ ఊరు?" అన్నది. మనలాంటివాడు చేశాడంటేనే మనకు నమ్మకం.

మూడోది నీటి లెక్క. 2003లో మొదలైన భూగర్భ జలాల ప్రాజెక్టులో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. లెక్కలు ఊరి బోర్డు మీద రాశారు. ఎంత నీరుందో, ఏ పంటకెంత కావాలో కూర్చుని లెక్కేసి రబీ పంట మాట్లాడుకున్నారు. ఎవరి బోరు సంగతి వాళ్లకే తెలిస్తే అది రహస్యం. పదిమంది లెక్కలు ఒక బోర్డు మీదికి వస్తే అది ఊరికి పాఠం.

తెలంగాణలో 2024 మార్చిలో 'రైతు నేస్తం' పేరుతో రైతు వేదికల్లో వీడియో కాన్ఫరెన్సులు మొదలుపెట్టారు. శాస్త్రవేత్త ఒకచోట, రైతులు ఎన్నో చోట్ల. ప్రశ్న ఒక ఊరివాడు అడిగినా జవాబు అన్ని ఊళ్లకూ వినిపిస్తుంది.

గ్రూపు ఎలా నడపాలి?

ఇప్పుడు మన గ్రూపు సంగతికి వద్దాం. వందలమంది ఉన్న గ్రూపులో ఎవరి మాట ఎవరికీ పట్టదు. పక్కపక్క పొలాలవాళ్లు, ఒకే పంట వేసినవాళ్లు పది నుంచి ఇరవై మంది చాలు. గుడ్‌మార్నింగులు, రాజకీయాలు, అమ్మకాల ప్రకటనలు వద్దని మొదటి రోజే మాట అనుకోండి. వీలైతే ఊరి వ్యవసాయ సహాయకుణ్ణో, ఏఈవోనో చేర్చుకోండి.

వారానికి ఒక రోజు 'పొలం చూసే రోజు'గా పెట్టుకోండి. ఆ పొద్దున ప్రతి ఒక్కరూ తోటలో అక్కడక్కడ పది మొక్కలు చూసి గ్రూపులో పెట్టాలి. రాయడం రానివాళ్లు మాట రికార్డు చేసి పంపవచ్చు. ఈ ఆరు సంగతులు ఉంటే చాలు:

* పంట, రకం, నాటి ఎన్ని రోజులైంది
* ఏం కనిపించింది, ఎన్ని మొక్కల్లో కనిపించింది
* పొలమంతా ఉందా, ఒక మూలే ఉందా
* ఆ వారం వాన, తడి సంగతి
* ఇప్పటిదాకా వేసిన ఎరువులు, కొట్టిన మందులు
* పోయిన వారం చేసిన పనికి వచ్చిన ఫలితం

చివరిది అన్నిటికంటే ముఖ్యం. "ఫలానాది కొట్టాను" అని అందరూ పెడతారు. "వారమైంది, తగ్గలేదు" అని పెట్టేవాళ్లు అరుదు. పరువు పోతుందని కాబోలు! మన గ్రూపులో తగ్గలేదని చెప్పినవాడే పదిమంది డబ్బు కాపాడినవాడు. అతన్ని ఎగతాళి చేయకూడదు.

ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ వివరాలన్నీ గూగుల్ షీట్‌లో పట్టికగా రాయించండి. అందరి ఫోన్లలోనూ అదే పట్టిక కనిపిస్తుంది, ఎవరి వరుస వాళ్లు నింపవచ్చు. అది కుదరకపోతే నోటుపుస్తకంలో గళ్లు గీసి రాసి, వారం వారం ఆ పేజీ ఫొటో పెట్టినా చాలు. పంట చివర ఆ పట్టికను ముందు పెట్టుకుని కూర్చోండి. ఎవరు ఎన్నిసార్లు కొట్టారు, ఎంత ఖర్చయింది, ఎంత దిగుబడి వచ్చింది తెలిసిపోతుంది. వచ్చే ఏడాదికి అదే మన పాఠ్యపుస్తకం.

ఫొటో ఇలా తీయాలి

దూరం నుంచి తీసిన ఒక్క ఫొటో చూసి శాస్త్రవేత్త కూడా ఏమీ చెప్పలేడు. నాలుగు తీయండి. ఒకటి పొలమంతా కనిపించేలా, ఒకటి మొక్క మొత్తం, ఒకటి ఆకు పైభాగం, ఒకటి ఆకు తిప్పి అడుగుభాగం. పొద్దున వెలుగులో, ఎండ కళ్లలో కొట్టకుండా, చేయి కదలకుండా తీయాలి. పురుగు సైజు తెలియడానికి పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. మిరప పూతలో తామర పురుగులు చూడాలంటే పూలను తెల్ల కాగితం మీద దులపండి. రాలిన పురుగులు లెక్కపెట్టి, ఆ కాగితం ఫొటో పెట్టండి.

అప్పుడు గ్రూపులో మాటే మారిపోతుంది.

"అన్నా, తోట ముడుచుకుంది."

"పైకా, కిందికా తమ్ముడూ? ఆకు తిప్పి ఫొటో పెట్టు. పోయిన వారం ఏం కొట్టావో కూడా చెప్పు."

వచ్చిన సలహాను తూచాలి

ఎక్కడినుంచో తిరిగి వచ్చిన మెసేజ్ మీద బాణం గుర్తు ఉంటుంది. రెండు బాణాలుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. రాసినవాడెవరో, ఏ పంటకో, ఏ నేలకో తెలియని సలహాను పొలం దాకా తీసుకుపోవద్దు.

మందు కొనేముందు డబ్బాతో వచ్చే కాగితం చూడాలి. ఆ పంట పేరు, ఆ పురుగు పేరు అందులో ఉన్నాయా? ఎకరాకు మోతాదు ఎంత? కొట్టాక ఎన్ని రోజులకు కోయవచ్చు? చదవలేకపోతే ఫొటో తీసి గ్రూపులో చదివించుకోండి. సందేహం తీరకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు చెప్పింది గ్రూపులో పెడితే అందరికీ ఉపయోగం.

కషాయమైనా, కొత్త మందైనా, కొత్త పద్ధతైనా పొలమంతా ఒకేసారి చేయవద్దు. నాలుగు సాళ్లలో చేసి, పక్క నాలుగు సాళ్లు వదిలి, తేడా ఫొటో తీయండి. ఇద్దరు ముగ్గురు వేర్వేరు పొలాల్లో చేసి చూస్తే ఇంకా మంచిది. ఒక్కడికి ఆగితే అది అదృష్టం కావచ్చు. ముగ్గురికి ఆగితే నమ్మవచ్చు.

ఇంకో హెచ్చరిక. పీఎం కిసాన్ డబ్బులనీ, సబ్సిడీ అనీ లింకులు, ఏపీకే ఫైళ్లు గ్రూపుల్లోకి వస్తుంటాయి. వాటిని నొక్కవద్దు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం ఫొటోలు గ్రూపులో పెట్టవద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఫోను లేనివాళ్లను వదలొద్దు

ఇంట్లో ఫోను ఒకటే ఉంటుంది. అది మగవాళ్ల జేబులో ఉంటుంది. కలుపు తీసేదీ, కాయ కోసేదీ, పురుగును ముందు చూసేదీ మాత్రం ఆడవాళ్లు. వాళ్ల మాట గ్రూపులోకి రాకపోతే సగం పొలం చూడనట్టే. అందుకే వారానికోసారి రచ్చబండ దగ్గరో, మహిళా సంఘం సమావేశంలోనో గ్రూపులో వచ్చిన ఫొటోలు, మాటలు అందరికీ చూపించి వినిపించండి. బటన్ ఫోను మాత్రమే ఉన్న పెద్దాయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన ఒక్క మాట చాలాసార్లు పది వీడియోల పెట్టు.

ఈ సీజన్‌కు ఒక్క పంట, పదిమంది రైతులు, వారంలో ఒక్క రోజు. ఇంతే మొదలుపెట్టండి. ఫోను పట్టుకుని పొలంలోకి వెళ్లినప్పుడే అది బడి. పొలానికి వెళ్లకుండా ఫోనులోనే సేద్యం చేస్తే లాభపడేది మందుల దుకాణమే. రేపు పొద్దున మీ గ్రూపులో ఎవరైనా "ఏం మందు కొట్టాలి?" అని అడిగితే, మందు పేరు చెప్పేముందు మీరొక ప్రశ్న వేయండి: "ఆకు తిప్పి చూశావా?"