ప్రాథమికోన్నత దశలో మర్యాద భాష: సంబోధన, మాండలికం, తరగతి గది

1. ఉపోద్ఘాతం

జాతీయ విద్యా విధానం (2020) ఆరు నుంచి ఎనిమిది వరకు గల తరగతులను, అంటే 11 నుంచి 14 ఏళ్ల వయసును, ప్రత్యేక దశగా గుర్తించింది. తెలుగు పల్లెల్లో ఈ దశకు విధాన పత్రాలు చెప్పని సామాజిక విశేషం ఒకటి ఉంది. ఊరి ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి ముగించిన పిల్లలు చాలాచోట్ల పక్క ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరతారు. నాలుగైదు ఊళ్ల పిల్లలు మొదటిసారి ఒకే గదిలో కూర్చుంటారు. అంతవరకు వీధి, ఇంటిపేరు, వరస తెలిసినవారి మధ్య పెరిగిన పిల్లలకు, కొత్తవారిని ఏమని పిలవాలన్న ప్రశ్న ఇక్కడ ఎదురవుతుంది. మారుపేర్లు పుట్టేది, స్థిరపడేది ఈ వయసులోనే. పదోతరగతి దాటినా కొందరిని అవి వదలవు.

పాఠశాలల్లో మర్యాద భాష గురించి జరిగే ప్రయత్నాలు తరచుగా 'చెడ్డమాటలు మాట్లాడరాదు' అన్న నిషేధంతో మొదలై అక్కడే ఆగిపోతాయి. కానీ తెలుగులో మర్యాద కేవలం పదాల ఎంపిక కాదు. అది సర్వనామాల్లో, క్రియాంతాల్లో, బంధువాచకాల్లో అల్లుకుని ఉంది. ఆ అల్లిక తెలియకుండా చేసే సవరణ కొన్నిసార్లు పిల్లల ఇంటిభాషనే తప్పుపడుతుంది.

2. వ్యాకరణంలో మర్యాద

'నువ్వు', 'మీరు' అన్న భేదం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో యూరప్ భాషల్లోని ఇటువంటి జంట సర్వనామాలను అధికారం, సాన్నిహిత్యం అనే రెండు కొలమానాలతో వివరించారు. ఒకరు 'నువ్వు' అని, ఎదుటివారు 'మీరు' అని పిలుచుకుంటే అక్కడ ఉన్నది అధికారం. ఇద్దరూ ఒకే సర్వనామం వాడుకుంటే ఉన్నది సాన్నిహిత్యమో, సమదూరమో అవుతుంది.

తెలుగు ఇంతకంటే విస్తృతం. ప్రథమ పురుషలోనూ మెట్లున్నాయి: వాడు, అతను, ఆయన, వారు. స్త్రీల విషయంలో అది, ఆమె, ఆవిడ, వారు. దీనికి తోడు, వాక్యం చివర చేరే 'రా', 'ఏ' అనే సంబోధనలు. 'ఏం చేస్తున్నావురా', 'ఏం చేస్తున్నావే' అన్నప్పుడు వాక్యార్థం మారదు. మాట్లాడేవారి స్థానం మారుతుంది. తోటి స్నేహితుని నోట 'రా' చనువు. అదే మాటను పై తరగతి విద్యార్థి, అందునా పెద్దింటి పిల్లవాడు, కూలి ఇంటి పిల్లవాడిపై ప్రయోగిస్తే, తిరిగి ఆ 'రా'ను అందుకునే హక్కు రెండోవాడికి లేకపోతే, అది చనువు కాదు. కాబట్టి మర్యాదకు పరీక్ష పదంలో లేదు, అదే పదాన్ని తిరిగి వాడే వీలు ఎదుటివారికి ఉందా లేదా అన్నదానిలో ఉంది.

స్త్రీల విషయంలో వ్యాకరణమే ఒక చిక్కు తెస్తుంది. బాలవ్యాకరణం మొదలుకొని సంప్రదాయ వ్యాకరణాలు గుర్తించినట్లు, తెలుగులో స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో, బహువచనంలో మహత్తులతో చేరతాయి. 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' అన్న వాక్యాల్లో క్రియ ఒకటే. 'అమ్మ వచ్చింది' అనే పిల్లవాడికి అమ్మపై గౌరవం లేదని ఎవరూ అనరు. అయితే ఒకే పిల్లవాడు ఒకే ఊపిరిలో 'సార్ వచ్చారు, టీచర్ వచ్చింది' అన్నప్పుడు తేడా పైకి తేలుతుంది. పురుష ఉపాధ్యాయునికి బహువచనం, స్త్రీ ఉపాధ్యాయురాలికి ఏకవచనం. ఇది ఆ పిల్లవాడు కల్పించుకున్నది కాదు, పెద్దల మాటలోంచి ఎత్తుకున్నది. ఆరో తరగతిలో వచనం, లింగం బోధించేటప్పుడు ఈ రెండు వాక్యాలను నల్లబల్లపై పక్కపక్కనే రాస్తే, వ్యాకరణ పాఠమే మర్యాద పాఠం అవుతుంది. విడిగా నీతిబోధ అవసరం ఉండదు.

3. మాండలికం అమర్యాద కాదు

తెలంగాణలో 'సారు వచ్చిండు', 'మా నాయిన చెప్పిండు' అన్నవి సహజ ప్రయోగాలు. ఏకవచనం ఉన్నంత మాత్రాన అక్కడ గౌరవలోపం లేదు. 'సారు' అన్న మాటలోనే గౌరవం నిలిచి ఉంది. పెద్దవారిని 'నువ్వు' అనడం తెలంగాణలోనే కాదు, రాయలసీమ, ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ వినిపిస్తుంది. 'అండి', 'గారు' చేర్చి మాట్లాడే కోస్తా జిల్లాల చదువుకున్న వర్గాల పద్ధతి పాఠ్యపుస్తకాల ద్వారా, పత్రికల ద్వారా, సినిమాల ద్వారా 'మర్యాద భాష'గా ప్రమాణీకరణ పొందింది. దాని పర్యవసానం తరగతి గదిలో కనిపిస్తుంది. ఇంట్లో తాతను 'నువ్వు' అని పిలిచే పిల్లవాడు బడిలో ఉపాధ్యాయుని అలాగే పిలిస్తే పొగరుబోతుగా ముద్రపడతాడు. చేయని తప్పుకు మందలింపు పొందినవాడు మరోసారి నోరు తెరవడానికి జంకుతాడు.

గిడుగు రామమూర్తి జయంతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, కాళోజీ నారాయణరావు జయంతి సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం. రెండూ ప్రజల వాడుకభాషకు నిలబడినవారి పేరిట జరిగే ఉత్సవాలే. గిడుగు పర్లాకిమిడిలో ఉండగా సవరల భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆ రోజుల్లో వేదికపై ఉపన్యాసాలు వినే పిల్లలు మరునాడు తరగతిలో 'వచ్చిండు' అన్నందుకు దిద్దుబాటు పొందడం విచిత్రమే. ప్రమాణభాషా మర్యాదరూపాలు నేర్పవలసిందే. ఉద్యోగంలో, కార్యాలయంలో, పై చదువుల్లో అవి అక్కరకు వస్తాయి. అయితే అవి ఇంటిమాటకు అదనంగా వచ్చే మరో రూపాలుగా అందాలి, ఇంటిమాటలోని తప్పుకు శిక్షగా కాదు.

4. వరసలు, మారుపేర్లు

ఈ వయసు పిల్లల భాషలో ఉపాధ్యాయులు తేలిగ్గా తీసుకునే అంశం బంధువాచకాల వాడుక. మేనరికం చెల్లే సమాజంలో బావ, మరదలు అన్నవి వివాహయోగ్య సంబంధాలు. పరిహాసానికి అనుమతి ఉన్న వరసలు. ఇటువంటి పరిహాస సంబంధాలను రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో మానవశాస్త్ర పరంగా చర్చించారు. అక్కడ పరిహాసం చెల్లడానికి కారణం ఆ బంధుత్వాన్ని రెండు కుటుంబాలూ అంగీకరించి ఉండడమే. ఏ చుట్టరికమూ లేని తోటి విద్యార్థినిని 'మరదలా' అని పిలిచినప్పుడు ఆ అంగీకారం లేదు, వరసలోని లైంగిక సూచన మాత్రం మిగిలింది. దాన్ని 'పిల్లల సరదా' అని వదిలేస్తే, ఆ అమ్మాయి బడికి వెళ్లే దారి మార్చుకోవలసి వస్తుంది, లేదా బడే మానవలసి వస్తుంది. మగపిల్లల మధ్య తిట్లలో ఎక్కువ భాగం ఎదుటివాడి తల్లిని, అక్కచెల్లెళ్లను ఉద్దేశించినవి కావడం కూడా ఈ కోవలోనిదే.

శరీరాన్ని బట్టి వచ్చే మారుపేర్లది మరో తీరు. 'బండోడు', 'బక్కోడు', 'నల్లోడు' వంటివి కొందరు నవ్వుతూనే మోస్తారు. ఆ నవ్వును సమ్మతిగా లెక్కించడం పెద్దల సౌకర్యం. వైకల్యాన్ని పేరుగా మార్చడం అంతకంటే తీవ్రమైనది. వికలాంగుల హక్కుల చట్టం (2016) పదిమంది ఎదుట ఉద్దేశపూర్వకంగా వికలాంగులను అవమానించడాన్ని నేరంగా పరిగణించింది. పదకొండేళ్ల పిల్లవాడికి చట్టం చూపి భయపెట్టడం ఉపాధ్యాయుని పని కాకపోయినా, విషయం ఎంత గంభీరమో ఉపాధ్యాయునికి తెలియాలి.

గౌరవపదాల జాబితా ఇచ్చి బట్టీ పట్టించడం వల్ల ప్రయోజనం స్వల్పం. పదాలకు ఆయుర్దాయం ఉంటుంది. గాంధీ గౌరవార్థంగా ప్రచారం చేసిన 'హరిజన' శబ్దాన్ని దళితులు నిరాకరించారు. 2017లో సుప్రీంకోర్టు అది అవమానకరంగా మారిందని పేర్కొంది. 'వికలాంగులు', 'దివ్యాంగులు', 'విభిన్న ప్రతిభావంతులు' అన్న పేర్ల మార్పు మన కళ్ల ముందే జరిగింది. చూపు మారకుండా పేరు మారితే కొత్త పేరు కూడా కొన్నాళ్లకు వెక్కిరింత అవుతుంది. ఎవరిని ఏమని పిలవాలో నిర్ణయించవలసింది ఆ పిలుపు అందుకునేవారే అన్న సూత్రం ఒక్కటే నిలుస్తుంది. ఆరో తరగతి తొలివారంలో ప్రతి విద్యార్థినీ 'నిన్ను ఏ పేరుతో పిలవాలి?' అని అడిగి, హాజరుపట్టీలో ఆ పేరును కూడా రాసుకోవడానికి ఒక పీరియడు చాలు.

5. ఉపాధ్యాయుని మాట

విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. మొదటిదానిపై కొంత అవగాహన వచ్చింది. రెండోది చాలామంది ఉపాధ్యాయుల దృష్టికే రాదు. 'మొద్దు', 'దున్నపోతు', 'మీ అయ్య లాగే నువ్వూ గొడ్లు కాచుకో' వంటి మాటలు ఈ నిషేధం పరిధిలోకి వచ్చేవే. చివరి మాటలో పిల్లవాడితో పాటు అతని తండ్రి వృత్తీ అవమానం పాలవుతుంది. ఉపకారవేతనాల జాబితాను కులాలవారీగా తరగతిలో బిగ్గరగా చదవడంలో తిట్టు లేదు; అయినా మారుపేర్లకు కావలసిన ముడిసరుకు అంతా అందులో ఉంది. ఆ వివరాలను కార్యాలయ గదిలో ఒక్కొక్కరిని పిలిచి సరిచూసుకోవచ్చు.

6. సామెతల అభ్యాసం

తెలుగు తరగతిలో 'మీ పెద్దలను అడిగి సామెతలు సేకరించండి' అన్న పని పరిపాటి. ఎం. డబ్ల్యు. కార్ 1868లో ప్రకటించిన తెలుగు సామెతల సంకలనం నాటి నుంచి సామెతల సేకరణకు గౌరవప్రదమైన చరిత్ర ఉంది. అయితే పిల్లలు తెచ్చే పది సామెతల్లో ఒకటో రెండో ఏదో కులాన్ని, వృత్తిని, స్త్రీలను, వైకల్యాన్ని కించపరిచేవి ఉంటాయి. ఉపాధ్యాయుడు వాటిని నిశ్శబ్దంగా కొట్టివేస్తే పిల్లలకు కారణం తెలియదు. పైకి చదివిస్తే, ఆ కులానికి చెందిన పిల్లవాడు ఆ గదిలోనే కూర్చుని ఉంటాడు. శతక పద్యాల విషయంలోనూ ఇదే ఇబ్బంది. సుమతీ శతకంలో స్త్రీలను, కొన్ని వృత్తులవారిని నిందించే పద్యాలు ఉన్నాయి. అందుకే పాఠ్యపుస్తకాలకు ఎంపిక జాగ్రత్తగా చేయవలసి వస్తుంది.

మధ్యేమార్గం ఉంది. నోటుపుస్తకాలను ముందుగా చూసి, అటువంటి సామెతను పేరు లేకుండా, 'ఒక వృత్తివారిని మోసగాళ్లుగా చెప్పే సామెత' అని వర్ణించి, దాన్ని మొదట ఎవరు, ఎవరి గురించి అని ఉంటారో ఊహించమనాలి. అప్పు ఇచ్చినవాడా, తీసుకున్నవాడా? పని చేయించుకున్నవాడా, చేసినవాడా? ఏడో తరగతి పిల్లలకు ఈ ప్రశ్న భారమేమీ కాదు. మాట వెనుక మాట్లాడిన మనిషి ఉన్నాడని తెలిశాక, అదే పరిశీలనను తమ మారుపేర్లపై వారే జరపగలరు: ఈ పేరు ఎవరు పెట్టారు, ఎవరు నవ్వారు, ఎవరు నవ్వలేదు. జవాబులు రాసిన కాగితాలపై పేర్లు వద్దని చెప్పడం, వాటిని తరగతిలో చదవకుండా ఉపాధ్యాయుని దగ్గరే ఉంచుకోవడం ఈ అభ్యాసానికి తప్పనిసరి నియమాలు.