దూరం కొలిచే లేజర్: చూసి కొనాలి, ఆగి కాల్చాలి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల మక్క రైతులకు అడవిపందుల బెడద కొత్త కాదు. అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పంట పాడుచేసే పందినైనా అధికారిక అనుమతి ఉన్న షూటరే కాల్చాలి. చేనుచుట్టూ కరెంటు తీగ పెడితే మనుషుల ప్రాణాలకే ముప్పు.

గురి చూసే ముందు దూరం కొలిచేందుకు లేజర్ యంత్రం ఉంది. వెలుగు పంపి, అది తగిలి తిరిగి వచ్చే వ్యవధిని బట్టి దూరం లెక్కకడుతుంది. 300 మీటర్లకు పట్టేది సెకనులో 10 లక్షల వంతుల్లో 2 వంతులే.

కొనేవారు డబ్బామీది అంకెను నమ్మరాదు. అది సాధారణంగా వెలుగును బాగా తిప్పికొట్టే వస్తువుకు వేసిన లెక్క. పంది నల్లని ఒంటిమీద అంత దూరం అందదు. మక్క ఆకు అడ్డొస్తే ఆకు దూరమే చూపవచ్చు. దగ్గరి అడ్డును విడిచి వెనుకదాన్ని కొలిచే సదుపాయం, చీకట్లో కనిపించే అంకెలు ఉన్నదే మేలు.

పంది వెనుక మంచెమీద కావలి మనిషి ఉన్నాడా అన్నది మాత్రం ఈ యంత్రం చెప్పదు. తూటా పందిని దాటిపోవచ్చు. వెనుక మట్టికట్ట లేనిచోట కాల్చకపోవడమే క్షేమం. షూటర్ వచ్చే రోజు పొద్దుగూకకముందే ఊళ్లో చాటింపు వేయించాలి.