మూటలో పట్టనిది

మీ ఊరు కర్నూలు దగ్గరో, నందికొట్కూరు దగ్గరో, ఆత్మకూరు దగ్గరో అయితే మీరీ దృశ్యం చూసే ఉంటారు. ఏటా ఉగాది ఇంకా పదిరోజులున్నదనగా రోడ్డు పక్కన మనుషులు బారులు తీరి నడిచిపోతూ ఉంటారు. తలమీద మూట, చేతిలో కర్ర, నుదుట విభూతి. వాళ్ళు మాట్లాడేది కన్నడం. బాగల్కోట, విజయపుర, బెళగావి, రాయచూరు మొదలైన జిల్లాలలో బయలుదేరి శ్రీశైలం దాకా కాలినడకనే పోతారు. దూరపు ఊళ్ళవాళ్ళకు వందల కిలోమీటర్ల నడక! కొందరైతే కాళ్ళకు పొడుగాటి కర్రలు కట్టుకుని, వాటిమీద నడుస్తూ పోతారు.

"బస్సులుండగా ఎందుకీ నడక?" అని మీకు అనిపించవచ్చు. శ్రీశైలంలో ఉన్న భ్రమరాంబ వాళ్ళకు ఇంటి ఆడపడుచుతో సమానం. మల్లికార్జునుడు ఇంటి అల్లుడు. పండగపూట ఆడపడుచును చూడటానికి పుట్టింటివాళ్ళు పోకపోతే ఎట్లా? ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. పన్నెండవ శతాబ్దంలో అక్క మహాదేవి అనే గొప్ప శివభక్తురాలు కూడా కన్నడ దేశం నుంచి ఈ కొండకే వచ్చింది. ఆమె పేరుగల గుహ ఒకటి అక్కడ కృష్ణానది ఒడ్డున ఉన్నది.

ఆ బారులో ఒక భార్యాభర్తలున్నారనుకోండి. యాభైఏళ్ళు దాటిన రైతు దంపతులు. వాళ్ళవంటివాళ్ళు ఆ దారిన వేలమంది ఉంటారు. మనమూ కొంతదూరం వాళ్ళ వెంట నడిచి చూద్దాం.

ముందు మూటలు విప్పి చూస్తే ఏమున్నాయి? చెరొక దుప్పటి, ఒక జత బట్టలు, తుండుగుడ్డ, చెంబు. సూదీ దారమూ. ఒక గుడ్డలో జొన్నరొట్టెల దొంతర. చిన్న సీసాలో వేరుసెనగ పొడి, ఇంకొకదానిలో గురెళ్ళ పొడి. మూట అడుగున, అన్నిటికీ కింద, ఒక పొట్లం. ఆ పొట్లం సంగతి చివర చెబుతాను.

అంతే! పన్నెండు, పదమూడు రోజుల ప్రయాణానికి ఇంతేనా అని ఆశ్చర్యపోకండి. మోసేవాడికే బరువు తెలుస్తుంది. బడిపిల్లల సంచీ వాళ్ళ బరువులో పదోవంతుకు మించరాదని 2020లో మన ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. అంటే ముప్ఫై కిలోల పిల్లవాడు మూడు కిలోలకు మించి మొయ్యగూడదన్నమాట. ఈ లెక్క ఎవరూ చెప్పకపోయినా మన దంపతులకు తెలుసు. బయలుదేరే ముందు ఆమె మూటను ఎత్తి చూసి, ఇంకొక చీర తీసి పక్కన పెట్టింది. ఆయన మూటను ఎత్తి చూసి, చెప్పుల జత తీసేశాడు.

జొన్నరొట్టెలు అన్ని రోజులు పాడుకావా? కావు. అందుకు ఒక కారణం ఉన్నది. ఏ పదార్థమైనా పాడయిందంటే దానిమీద బూజో, కంటికి కనబడని సూక్ష్మజీవులో పెరిగాయని అర్థం. వాటికి తిండి ఒక్కటే చాలదు, తడి కూడా కావాలి. ఈ రొట్టెలను పలచగా తట్టి, కాల్చి, అప్పడంలాగా ఫెళఫెళలాడేదాకా ఆరబెడతారు. వాటిలో తడి ఉండదు గనక బూజు పట్టదు. తడి పోయింది గనక బరువూ తగ్గుతుంది. తినేటప్పుడు కాసిని నీళ్ళు చిలకరిస్తే మెత్తబడతాయి. చూశారా, ఇంటి దగ్గర ఆ తల్లి చేసినది వంట మాత్రమే కాదు, శాస్త్రం కూడా!

తెల్లవారుజామున మూడు గంటలకే వాళ్ళు లేస్తారు. చల్లని పూట నడిచి, పదిగంటల లోపల ఏ చింతచెట్టు కిందికో, గుడి మంటపంలోకో చేరుకుంటారు. ఎండ తగ్గేదాకా పడుకుని, సాయంకాలం మళ్ళీ నడుస్తారు. రోజుకు పాతిక కిలోమీటర్లు అయితే బాగా నడిచినట్టే. మూడోరోజుకల్లా ఆమె మడమమీద బొబ్బ లేచింది. చెమటకు నానిన చర్మం ఒకేచోట రాసుకుంటూ ఉంటే పైపొర విడిపోయి, మధ్య నీరు చేరుతుంది. అదే బొబ్బ. దాన్ని చిదపరాదు. ఆమె కాలు కడిగి, తుడిచి, మెత్తని గుడ్డ కట్టుకున్నది. ఆ రోజు ఆయన రెండు మూటలూ మోశాడు. ఆమె వద్దంటుంది, ఆయన ఇవ్వనంటాడు. ఒక మైలు దూరం వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఆ తరువాత నవ్వుకున్నారు.

అయితే మూటలో ఒక్క వస్తువుకు మాత్రం చోటు లేదు. అది నీరు.

ఈ లెక్క మీరే వేసి చూడండి. రాయలసీమలో ఉగాది నాటికే ఎండలు ముదురుతాయి. ఆ ఎండలో రోజంతా నడిచే మనిషికి అయిదారు లీటర్ల నీరు కావాలి. ఒక లీటరు నీటి బరువు ఒక కిలో. ఇద్దరికీ కలిపి రోజుకు పన్నెండు కిలోలు. పన్నెండు రోజులకు నూట నలభై నాలుగు కిలోలు! ఒక ఎద్దులబండి కావాలి గాని, తలమీది మూట చాలదు.

పోనీ, నీరు తగ్గించి తాగితేనో? అది ప్రాణంమీదికి వస్తుంది. మన ఒంటికి చెమట పట్టి, అది ఆరుతున్నప్పుడు ఒంటి వేడిని లాగేస్తుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇట్లాగే. కుండ గోడల్లోంచి నీరు చెమర్చి, ఆవిరి అయిపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. కుండ ఎండిపోతే చల్లదనం లేదు. మనిషికి నీరు చాలకపోతే చెమటా లేదు. అప్పుడు ఒంటి వేడి పెరిగి 40 డిగ్రీలు దాటిందంటే వడదెబ్బ తగిలి మనిషి పడిపోతాడు. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలతో చల్లబరచి, వైద్యుడి దగ్గరికి తీసుకుపోకపోతే చచ్చిపోవచ్చు కూడా. కాబట్టి ఈ ప్రయాణంలో అన్నిటికన్న పెద్ద ప్రశ్న, "నీళ్ళు ఎక్కడ?" అనేదే.

దానికి సమాధానం దారిపొడుగునా ఉన్న ఊళ్ళు చెబుతాయి. రోడ్డు పక్కన పందిరి వేసి, కుండల్లో నీళ్ళు పోసి, పిల్లలు చెంబులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఒకచోట మజ్జిగ, ఒకచోట పుచ్చకాయ ముక్కలు, ఒకచోట విస్తరి వేసి అన్నం. బొబ్బలెక్కిన కాళ్ళకు మందు రాసేవాళ్ళూ ఉంటారు. మజ్జిగలో ఉప్పు ఎందుకు వేస్తారో తెలుసా? చెమటతోపాటు ఒంట్లోని ఉప్పు కూడా పోతుంది. వట్టి నీళ్ళు తాగితే నీరు వస్తుంది గాని, ఉప్పు రాదు. ఉప్పు వేసిన మజ్జిగ రెండూ ఇస్తుంది.

"అవ్వా, ఈ మజ్జిగ తాగిపో! తాతా, నువ్వూ రా, ఈ నీడన కూచో!" అని ఒక కుర్రవాడు మన దంపతులను పిలిచాడు.

వాళ్ళు కూచుని మజ్జిగ తాగారు. ఆమె కుర్రవాడి తల నిమిరి, ఊట అయిందా అని తన భాషలో అడిగింది. కుర్రవాడు తెల్లబోయాడు. మనకు ఊట అంటే నేలలోంచి ఉబికే నీరు గదా!

"ఇక్కడ ఊట లేదవ్వా, బోరుబావి నీళ్ళే!" అన్నాడు వాడు.

పక్కనున్న పెద్దాయన పకపకా నవ్వి, "ఒరే, కన్నడంలో ఊట అంటే భోజనంరా! నువ్వు అన్నం తిన్నావా అని అడుగుతున్నది," అని చెప్పాడు. అందరూ నవ్వారు. భాష తెలియకపోతే మాత్రమేం? ఉప్పును వాళ్ళూ ఉప్పే అంటారు. మనం మజ్జిగ అంటే వాళ్ళు మజ్జిగె అంటారు. మన బెల్లం వాళ్ళకు బెల్ల. మన ఉగాది వాళ్ళకు యుగాది.

ఆత్మకూరు దాటి వెంకటాపురం చేరేసరికి ఊళ్ళు అయిపోయాయి. ఇక ముందంతా నల్లమల అడవి. కైలాసద్వారం దాకా సుమారు నలభై కిలోమీటర్లు కొండలమీది కాలిబాట. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఇదే. శివరాత్రికీ, ఉగాదికీ ముందు కొన్ని రోజులు మాత్రమే అటవీశాఖవారు ఈ దారిన జనాన్ని పోనిస్తారు. ఇక్కడ మజ్జిగ పందిరి వేసే పల్లె ఏదీ లేదు. మరి నీళ్ళు?

ఈ దారిలోని మజిలీల పేర్లు ఒకసారి పైకి చదవండి. దామెర్లకుంట. పెచ్చెరువు. మఠంబావి. భీముని కొలను. ఒకటి కుంట, ఒకటి చెరువు, ఒకటి బావి, ఒకటి కొలను! చూశారా? కాలిబాట నీటివెంట నడిచింది. నీళ్ళు ఉన్నచోటల్లా మజిలీ అయింది. ఎవరు ఎప్పుడు నడిచినా మరిచిపోకుండా ఆ సంగతి పేర్లలోనే నిలిచిపోయింది. ఇప్పుడైతే పండగ రోజుల్లో ఈ దారిన నీళ్ళ తొట్లు కూడా ఏర్పాటు చేస్తున్నారు.

వెనకటివాళ్ళు ఈ విషయాన్ని ఎంత శ్రద్ధగా పట్టించుకున్నారో చెప్పటానికి ఒక పుస్తకం ఉన్నది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరాడు. కడప, అహోబిలం, మహానంది, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం చేరి, అక్కణ్ణించి ముందుకు పోయాడు. ఆయన పల్లకీలో పోయినా దారి సంగతులు మాత్రం వదలలేదు. మజిలీ మజిలీకీ నీళ్ళ వసతి ఎట్లా ఉన్నది, అంగళ్ళు ఉన్నాయా, దిగటానికి చోటు ఉన్నదా అని రాసి పెట్టాడు. 1831లో తిరిగి వచ్చాడు. 1836లో చనిపోయాడు. రెండేళ్ళ తరువాత, 1838లో, 'కాశీయాత్ర చరిత్ర' అచ్చయింది. తన వెనక వచ్చేవాళ్ళ కోసం ఆయన పెట్టిన చలిపందిరి అది.

మనదేశంలోనే కాదు, సముద్రాల అవతల జపానులో కూడా ఇటువంటి నడక ఉన్నది. అక్కడ షికోకు అనే ద్వీపం చుట్టూ ఎనభై ఎనిమిది బౌద్ధాలయాలున్నాయి. అన్నిటినీ చూసి రావాలంటే సుమారు 1,200 కిలోమీటర్లు నడవాలి. నలభై, యాభై రోజులు పడుతుంది. వీపున సంచీ, తెల్లని బట్టలు, తలమీద గొడుగువంటి టోపీ, చేతిలో కర్ర. ఆ టోపీమీద "ఇద్దరం కలిసి నడుస్తున్నాం" అనే అర్థం వచ్చే మాట రాసి ఉంటుంది. ఒంటరిగా పోయేవాడి టోపీమీద కూడా అదే మాట! రెండోవాడు ఎవరంటే, ఎనిమిదో శతాబ్దంలో ఆ ద్వీపంలో పుట్టిన కూకై అనే గురువు. చేతికర్రే ఆయన అని వాళ్ళ నమ్మకం. అందుకే రాత్రి బసకు చేరగానే తమ కాళ్ళకన్న ముందు కర్ర అడుగును కడుగుతారు. దారిలో ఊరివాళ్ళు వచ్చి నారింజపళ్ళో, టీయో, కాసిని డబ్బులో చేతిలో పెడతారు. దాన్ని 'ఒసెట్టాయి' అంటారు. దాన్ని కాదనరాదు. యాత్రికుడు తన పేరు రాసిన చీటీ ఒకటి ఇచ్చి, నమస్కారం చేసి తీసుకుంటాడు. మన ఆత్మకూరు కుర్రవాడు షికోకు పోతే ఆ ఊరివాళ్ళు చేసేది చూసి, "ఇది మా మజ్జిగ పందిరే గదా!" అంటాడు.

మన దంపతుల నడక కూడా ముగింపుకు వచ్చింది. భీముని కొలను లోయలోకి దిగి, ఎదురుగా కొండ ఎక్కాలి. దారి అంతటిలో కష్టమైన చోటు అదే. ఆమె మడమ ఇంకా సలుపుతూనే ఉన్నది. ఆయన ఒక మెట్టు ముందు ఎక్కి కర్ర కొస అందిస్తున్నాడు, ఆమె పట్టుకుని ఎక్కుతున్నది. పక్కన పోయే కుర్రాళ్ళు అడగకుండానే మూటలు అందుకున్నారు. కైలాసద్వారం దాటారు. శ్రీశైలం వచ్చేసింది. ఆ క్షేత్రం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నది. 2022 దాకా అది కర్నూలు జిల్లాలోదే.

గుడి ముందు ఆమె మూట విప్పింది. రొట్టెలు అయిపోయాయి. పొడి సీసాలు ఖాళీ. అడుగున ఉన్న పొట్లం మాత్రం కట్టిన ముడి కట్టినట్టే ఉన్నది. అందులో ఒక రవికెగుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు. ఆడపడుచుకు పుట్టింటి సారె! బరువని తన చీర తీసి ఇంట్లో పెట్టి వచ్చిన మనిషి, ఈ పొట్లాన్ని మాత్రం ఇంత దూరమూ మోసుకువచ్చింది.

వచ్చే ఉగాదికి మీ ఊరి రోడ్డున ఇటువంటివాళ్ళు పోతూ ఉంటే వాళ్ళ మూటల వంక ఒకసారి చూడండి. అందులో నీళ్ళు ఉండవు. అవి మీ ఇంటి కుండలో ఉన్నాయి.