సెన్సర్‌ సరిపోతేనే దీపం ఆరేది

టైర్లలో గాలి కొలిచే పరికరం ఎంపికలో జాగ్రత్త అవసరం
విదేశాల నుంచి తెప్పించేవారు ముందుగా ఫ్రీక్వెన్సీ సరిచూసుకోవాలి

అమలాపురం: పండగకు సొంతూరు చేరుకోవాలని హైదరాబాద్‌ నుంచి కారులో బయలుదేరతారు. రావులపాలెం దాటి కోనసీమలో అడుగుపెట్టేసరికి డ్యాష్‌బోర్డుపై పసుపురంగు దీపం వెలుగుతుంది. టైర్లకు గాలి కొట్టించినా ఆరదు. మెకానిక్‌కు చూపిస్తే చక్రంలోని సెన్సర్‌ పాడైందంటాడు. అమెరికాలో ఉన్న బంధువుకు ఫోన్‌ చేస్తే, అక్కడ తక్కువ ధరకే దొరుకుతున్నాయంటూ వచ్చేటప్పుడు నాలుగు తెచ్చి ఇస్తాడు. టైర్లన్నీ విప్పి వాటిని బిగించిన తరువాత కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. తెచ్చిన సెన్సర్లు మంచివే. ఆ కారుకు మాత్రం పనికిరావు. వేల రూపాయలు వృథా కావడానికి కొనేముందు చూసుకోవలసిన ఒక్క అంకెను చూడకపోవడమే కారణం.

టైర్లలో గాలి ఎంత ఉందో డ్రైవరుకు తెలిపే ఈ ఏర్పాటు మొదట ఖరీదైన స్పోర్ట్స్‌ కార్లకే పరిమితం. 1986లో వచ్చిన పోర్షే 959లో దీనిని అమర్చారు. ఫైర్‌స్టోన్‌ టైర్లు పగిలి ఫోర్డ్‌ ఎక్స్‌ప్లోరర్‌ వాహనాలు బోల్తాపడిన ప్రమాదాల నేపథ్యంలో అమెరికా 2000లో చట్టం చేసింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి అయింది. ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ వర్తింపజేశారు. ఈ ఏర్పాటు, ట్యూబ్‌లెస్‌ టైర్లు, పంక్చరు మరమ్మతు కిట్‌ ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ అవసరం లేదని మన కేంద్ర ప్రభుత్వం 2020లో నిబంధనలు సవరించింది. స్టెప్నీ లేని కారుకు ముందస్తు హెచ్చరికే ఆధారమన్నమాట.

కంటికి కనిపించదు

స్పోర్ట్స్‌ కార్ల టైర్లు వెడల్పుగా ఉంటాయి. రోడ్డుకు, రిమ్ముకు మధ్య ఉండే రబ్బరు పక్కగోడ ఎత్తు తక్కువ. మామూలు టైరులో గాలి తగ్గితే నలిగినట్లు కనిపిస్తుంది. ఈ టైర్లలో బాగా తగ్గేవరకు తేడా తెలియదు. గాలి తగ్గిన టైరు ఎక్కువగా వంగుతూ వేడెక్కి, వేగంలో ఉండగా పగిలే ప్రమాదం ఉంది. ఒకపక్క కాలువ, మరోపక్క పల్లపు పొలాలు ఉండే కోనసీమ గట్టు రోడ్లపై స్టీరింగు ఒక్క క్షణం అదుపు తప్పినా తేరుకునే చోటు ఉండదు. అందుకే దీపాన్ని పట్టించుకోకుండా వదిలేయడం ప్రమాదకరం.

దీపం రెండు రకాలు

దీపం వెలిగి స్థిరంగా ఉంటే గాలి తగ్గిందని అర్థం. బండి స్టార్టు చేయగానే నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని, ఆ తరువాత స్థిరంగా నిలిచిపోతే చాలా కార్లలో వ్యవస్థలోనే లోపం ఉన్నట్లు. సెన్సర్‌ సంగతి ఆలోచించవలసింది రెండో సందర్భంలోనే. సెన్సర్‌లోని లిథియం బ్యాటరీ సాధారణంగా అయిదు నుంచి పదేళ్లు పనిచేస్తుంది. దానిని జిగురుపదార్థంలో మూసివేసి ఉంచుతారు. బ్యాటరీ అయిపోతే సెన్సర్‌ మొత్తాన్ని మార్చాలి.

కొన్ని కార్లలో చక్రంలో సెన్సరే ఉండదు. గాలి తగ్గిన చక్రం కాస్త వేగంగా తిరుగుతుంది. ఆ తేడాను బ్రేకుల ఏబీఎస్‌ వ్యవస్థ పసిగట్టి దీపం వెలిగిస్తుంది. ఒక్కో టైరులో ఎంత గాలి ఉందో అంకెల్లో తెరపై కనిపిస్తే చక్రాల్లో సెన్సర్లు ఉన్నట్లే. గాలి కొట్టించాక రీసెట్‌ చేయమని మాత్రమే అడిగే కారయితే యజమాని పుస్తకం చూసి నిర్ధారించుకోవాలి. లేని సెన్సర్‌ను కొనే పొరపాటు దీంతో తప్పుతుంది.

ముందు చూడాల్సిన అంకె

సెన్సర్‌ ఒక చిన్న రేడియో స్టేషను లాంటిది. గాలి పీడనం, ఉష్ణోగ్రత వివరాలను తరంగాల ద్వారా కారుకు పంపుతుంది. మన దేశంలోనూ ఐరోపాలోనూ ఈ కార్లు వాడే ఫ్రీక్వెన్సీ 433 మెగాహెర్ట్జ్‌. అమెరికాలో అమ్మిన కార్లలో చాలావాటికి 315, కొన్నింటికి 433. రేడియో ముల్లు ఒకచోట ఉంటే మరో స్టేషను వినిపించనట్లే, 433కు అమర్చిన కారు 315 సెన్సర్‌ను గుర్తించదు.

ఫోర్డ్‌ మస్టాంగ్‌ ఇందుకు మంచి ఉదాహరణ. మన దేశంలో ఈ స్పోర్ట్స్‌ కారును 2016లో విడుదల చేశారు. ఇక్కడ కార్ల తయారీ నిలిపివేస్తున్నట్లు ఆ సంస్థ 2021లో ప్రకటించింది. విడిభాగాల కోసం యజమానులు విదేశాల వైపు చూడడం సహజం. అయితే అమెరికా మస్టాంగ్‌ సెన్సర్‌ 315పై పనిచేస్తుంది. ఐరోపా రకానిది 433. పేరు ఒకటే, ఆకారం ఒకటే అయినా పని వేరు. తెప్పించేవారు పాత సెన్సర్‌పై ముద్రించిన ఫ్రీక్వెన్సీని, విడిభాగం నంబరును ఫొటో తీసి పంపడం ఉత్తమం.

ఛాసిస్‌ నంబరే ఆధారం

ఫ్రీక్వెన్సీ కలిసినంత మాత్రాన సరిపోదు. ఒక్కో తయారీ సంస్థ సెన్సర్‌ ఒక్కో పద్ధతిలో సమాచారం పంపుతుంది. ఒకే మోడల్‌లోనూ మధ్యలో సెన్సర్‌ రకం మారే అవకాశం ఉంది. కాబట్టి మోడల్‌ పేరు, సంవత్సరం మాత్రమే చెప్పి కొనరాదు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్‌ నంబరును అధీకృత సర్వీసు కేంద్రానికి ఇస్తే ఆ కారుకు వర్తించే విడిభాగం నంబరు చెబుతారు. స్పోర్ట్స్‌ కారు కోసం అమలాపురం నుంచి పెద్ద నగరాల వరకు వెళ్లకుండా ఈ పని ఫోన్‌లోనే పూర్తి చేసుకోవచ్చు.

అసలు విడిభాగం ధర ఎక్కువనుకుంటే, పరికరంతో ప్రోగ్రామ్‌ చేసే సార్వత్రిక సెన్సర్లు ఉన్నాయి. పాత సెన్సర్‌ గుర్తింపు సంఖ్యనే కొత్తదానిలోకి ఎక్కించే వీలు వీటిలో ఉంటుంది. అయితే వీటిని కొనేముందు తమ కారు వాటి జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. వాల్వు మూతల స్థానంలో బిగించే సెన్సర్లు చౌకగా దొరుకుతాయి. అవి తమ సొంత తెరపై అంకెలు చూపుతాయే తప్ప డ్యాష్‌బోర్డులోని దీపాన్ని ఆర్పలేవు.

ఉప్పుగాలితో ముప్పు

సెన్సర్‌కు అనుసంధానమయ్యే వాల్వు రబ్బరుది కావచ్చు, లోహానిది కావచ్చు. అధిక వేగంతో వెళ్లే కార్లకు నట్టుతో బిగించే అల్యూమినియం వాల్వునే ఎక్కువగా వాడతారు. దీనిలో మామూలు ఇత్తడి పిన్ను పెడితే రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి చిలుము పట్టి బిగుసుకుపోతుంది. తేమ, ఉప్పు తోడైతే ఇది మరింత వేగవంతమవుతుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీర గ్రామాల్లో తిరిగే కార్లకు ఈ బెడద ఎక్కువ. నికెల్‌ పూత ఉన్న పిన్నునే అడిగి వేయించుకోవాలి. ఇత్తడి మూతలకు బదులు ప్లాస్టిక్‌ మూతలు మేలు. టైరు మార్చిన ప్రతిసారీ వాల్వు రబ్బరు వాషరు, నట్టు, పిన్ను, మూత కొత్తవి వేయించాలి.

బిగించే ముందే పరీక్ష

టైరు విప్పే ముందు చక్రంలో సెన్సర్‌ ఉందని దుకాణదారుకు చెప్పడం మరవరాదు. టైరు అంచును రిమ్ము నుంచి విడదీసే యంత్రం వాల్వు దగ్గర నొక్కితే మంచి సెన్సర్‌ కూడా విరుగుతుంది. కొత్త సెన్సర్‌ను చక్రంలో పెట్టకముందే స్కానర్‌తో పలికించి చూడాలి. గుర్తింపు సంఖ్య, ఫ్రీక్వెన్సీ అందులో కనిపిస్తాయి. సరిపోకపోతే అప్పుడే తిరిగి ఇచ్చేయవచ్చు. నట్టును తయారీదారు చెప్పినంతే బిగించాలి. ఎక్కువ బిగిస్తే వాల్వు విరుగుతుంది. అనంతరం చక్రానికి బ్యాలెన్సింగ్‌ చేయించాలి.

చివరిగా కొత్త సెన్సర్‌ను కారుకు పరిచయం చేయాలి. కొన్ని కార్లు కాసేపు నడిపితే వాటంతట అవే గుర్తిస్తాయి. కొన్నింటికి మెనూలో ఎంపిక చేయాలి. మరికొన్నింటికి స్కానర్‌ తప్పనిసరి. స్పోర్ట్స్‌ కార్లలో ముందు, వెనుక టైర్లకు వేర్వేరు పీడనం ఉండడం సాధారణం కనుక ఏ సెన్సర్‌ ఏ చక్రంలో ఉందో కారుకు సరిగ్గా తెలియాలి. కారు ఎనిమిదేళ్లు దాటి, ఒక సెన్సర్‌ బ్యాటరీ అయిపోతే మిగతావీ దగ్గరలోనే ఉంటాయి. టైర్లు మార్చేటప్పుడే నాలుగింటినీ మారిస్తే కూలి ఖర్చు కలిసివస్తుంది.

గేజిని మరవొద్దు

సెన్సర్‌ సక్రమంగా ఉన్నా గాలి కొలిపించుకోవడం మానరాదు. అమెరికా నిబంధనల ప్రకారం నిర్దేశిత పీడనంలో 25 శాతం తగ్గినప్పుడు దీపం వెలిగితే చాలు. అంటే 32 పీఎస్‌ఐ ఉండాల్సిన టైరులో 24కు పడిపోయేవరకు హెచ్చరిక రాకపోవచ్చు. నెలకోసారి, దూరప్రయాణానికి ముందు తప్పనిసరిగా, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజితో చూపించుకోవాలి. డ్రైవరు తలుపు పక్కనున్న పట్టికలోని అంకె ప్రకారమే గాలి కొట్టించాలి.