రెక్క కుదిరినా తొందర పనికిరాదు
మెడ ఎముక కీలు ఆపరేషన్ తర్వాత అసలు పరీక్ష ఇంటి వద్దే

సంగారెడ్డి: రెక్కాడితే గాని డొక్కాడని కార్మికుడికి భుజం కీలు తప్పితే ఇంటిల్లిపాదికీ కష్టమే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల్లో బస్తాలు మోసేవారికి, లారీలకు సరుకు ఎత్తేవారికి భుజమే పెట్టుబడి. షిఫ్టు దిగి ముంబయి రహదారిపై మోటారు సైకిల్ మీద ఇంటికి పోతూ జారి, భుజం నేలకు తగిలేలా పడితే ఈ దెబ్బ తగులుతుంది.

గొంతు కింద అడ్డంగా ఉండే మెడ ఎముక బయటి కొస భుజం పైన రెక్క ఎముకతో కలుస్తుంది. ఈ కీలును తాళ్ళ వంటి గట్టి పట్టీలు పట్టి ఉంచుతాయి. వీటినే వైద్యులు లిగమెంట్లు అంటారు. అవి తెగితే ఎముక కొస పైకి లేచి, చర్మం కింద బొడిపెలా కనబడుతుంది.

అందరికీ కత్తి అవసరం లేదు

వైద్యులు ఈ దెబ్బను ఆరు రకాలుగా విభజించారు. మొదటి రెండింటికీ చేతికి జోలె కట్టి విశ్రాంతి ఇస్తే చాలు. మూడో రకం కూడా ఎక్కువ మందికి ఆపరేషన్ లేకుండానే నయమవుతుంది. తీవ్రమైన వాటికే సాధారణంగా ఆపరేషన్ చేస్తారు. కెనడా వైద్యులు 83 మందిని పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. తొలి మూడు నెలల్లో జోలెతో ఉన్నవారే మెరుగ్గా ఉన్నారు. ఏడాది తిరిగేసరికి చేతి వాడకంలో ఇద్దరికీ తేడా కనబడలేదు.

నెలల లెక్క

ఆపరేషన్ అయ్యాక సుమారు ఆరు వారాలు చేయి జోలెలో ఉండాలి. వేళ్ళు, మణికట్టు, మోచేయి మాత్రం మొదటి రోజుల నుంచే కదిలించాలి. వైద్యుడు చెప్పాక వెల్లకిలా పడుకుని, మంచి చేతి సాయంతో దెబ్బ చేతిని మెల్లగా లేపాలి. భుజం ఎత్తు దాటకూడదు. ఆ తర్వాత గోడపై వేళ్ళు పాకిస్తూ చేతిని పైకి తీసుకుపోవాలి. బలం పెంచే కసరత్తు సాధారణంగా మూడు నెలలకు మొదలవుతుంది. బస్తా మోయడం, వీపున మందు డబ్బా వేసుకోవడం, బావిలో నీళ్ళు తోడడం వంటి పనులకు నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి. కొక్కెం ప్లేటు వేసినవారికి దాన్ని మూడు నాలుగు నెలల తర్వాత మళ్ళీ తీయాల్సి ఉంటుంది.

నొప్పి తగ్గిందని ముందే బరువు ఎత్తితే అతుకు సడలుతుంది. భయపడి అసలు కదిలించకపోతే భుజం బిగుసుకుపోతుంది. ఈ రెండూ నష్టమే.

కూలి పోతుందని భయమా?

చాలామంది తొందరపడేది కూలి పోతుందనే. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న కార్మికుడికి పనిలో ప్రమాదం జరిగితే, పనికి పోలేని కాలమంతా వేతనంలో 90 శాతం చెల్లిస్తారు. పనికి పోతూ, వస్తూ జరిగిన ప్రమాదానికీ, పనితో సంబంధం తేలితే, ఇది వర్తించేలా 2010లో చట్టాన్ని సవరించారు. ప్రమాదాన్ని వెంటనే యాజమాన్యానికి తెలిపి రిజిస్టరులో రాయించాలి. వైద్యుడి సర్టిఫికెట్లు జాగ్రత్తగా ఉంచుకోవాలి. చేతికి శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు పరీక్షించి, సంపాదన శక్తి ఎంత తగ్గిందో తేలుస్తుంది. ఈ ప్రాంత కార్మికుల కోసం రామచంద్రాపురంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది.

కార్డు లేని రోజు కూలీకి ఈ అండ లేదు. అందుకే పనిలో చేరిన నాడే తన పేరు ఇ.ఎస్.ఐ.లో నమోదైందో లేదో కాంట్రాక్టరును అడిగి తెలుసుకోవడం మేలు. నాలుగు నెలల ఓపిక నలభై ఏళ్ళ రెక్కల కష్టాన్ని కాపాడుతుంది.