శిల నుంచి రేగడికి: కృష్ణా డెల్టా నేలలో శిలాశైథిల్యం

కృష్ణా జిల్లా పెదపారుపూడి పొలాల్లో నాగలికి రాయి తగలదు. గుడివాడ నుంచి దివిసీమ దాకా చాలాచోట్ల ఇదే స్థితి. అయినా ఈ నల్లరేగడి ఒకప్పటి శిలయే కనుక శిలాశైథిల్యాన్ని వివరించడానికి ఇది తగిన ఉదాహరణ.

ముందుగా పరిభాష. శైథిల్యం, క్రమక్షయం అనే పదాలను పత్రికాభాష తరచు పర్యాయపదాలుగా వాడుతుంది. అది సరికాదు. శిల ఉన్నచోటనే విచ్ఛిన్నం కావడం శైథిల్యం. ఆ శకలాలను నీరు, గాలి తరలించుకుపోవడం క్రమక్షయం.

భౌతిక శైథిల్యానికి పాఠ్యగ్రంథాలు మొదట చెప్పే ఉదాహరణ, పగుళ్లలో నీరు గడ్డకట్టి బండను చీల్చడం. తెలుగునాట దానికి దాదాపు తావులేదు. ఇక్కడ పనిచేసేవి ఎండ, వాన, వేరు. పగటి వేడికి వ్యాకోచించి, రాత్రి సంకోచించే బండలో పగుళ్లు విచ్చుకుంటాయి. వాటిలోకి రావి, మర్రి వేళ్లు దిగి మరింత ఎడం చేస్తాయి, ఇది జీవశైథిల్యం. బండ పగిలినకొద్దీ నీటికి తగిలే ఉపరితలం పెరుగుతుంది. రసాయనిక శైథిల్యం వేగవంతమవుతుంది.

వాననీరు గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడును కరిగించుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది ఫెల్‌స్పార్ ఖనిజాన్ని బంకమన్నుగా మారుస్తుంది. ఇనుము ఆక్సీకరణం చెంది ఎర్రబారుతుంది. బెజవాడ కొండల్లోని ఖోండలైట్ శిలలో ఈ రెండూ కనిపిస్తాయి. ఖనిజాల మధ్య పట్టు సడలిన బండ పగుళ్లలోకి నీరు చేరితే వాలుమీద నిలవడం కష్టం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్లపై పడి ప్రాణనష్టం జరిగింది. అతివర్షం తక్షణ కారణమే గాని, ఇటువంటి వాలులను శైథిల్యం చాలాముందే బలహీనపరుస్తుంది.

పెదపారుపూడి మట్టి కథ ఇంకా దూరాన మొదలవుతుంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందటి లావా ప్రవాహాలు గడ్డకట్టి దక్కను నాపలయ్యాయి. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం ఆ బసాల్ట్ శిలలమీదనే ఉంది. బసాల్ట్ శిథిలమైతే మాంట్‌మోరిల్లొనైట్ వంటి బంకఖనిజాలు ఏర్పడతాయి. వాటి పొరల నడుమ నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చడానికి కారణమిదే. ఆ మట్టిని వరదలు ఒండ్రుగా తెచ్చి ఇక్కడ పరిచాయి.

ఎగువన శైథిల్యం నేటికీ ఆగలేదు. ఆగినది రవాణా. ఒండ్రులో అధికభాగం శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి జలాశయాల్లోనే పేరుకుంటున్నది. అక్కడ నిల్వసామర్థ్యం తగ్గుతుండగా, ఇక్కడ సముద్రపు కోతను పూడ్చవలసిన కొత్తమట్టి డెల్టా తీరానికి అందడం తగ్గింది.